సర్వీసు బతికి ఉంది సరే, పని చేస్తోందా? హెల్త్ చెక్‌లపై తరచుగా అడిగే ప్రశ్నలు

హెల్త్ చెక్ అంటే సర్వీసు బాగుందో లేదో యంత్రమే పదే పదే అడిగి చూసుకునే చిన్న పరీక్ష. ముందు రిక్వెస్టులను పంచే ఇంజిన్‌ఎక్స్ లేదా క్లౌడ్ లోడ్ బ్యాలెన్సర్, వెనక నాలుగైదు సర్వీసులు, ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఒక రెడిస్ క్యాష్, పనులు వరసలో ఆగే ఒక క్యూ. మన దగ్గర నడిచే వెబ్ అప్లికేషన్లలో చాలావాటి అమరిక ఇంతే. కింది జవాబులు దీన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఉదాహరణలు ఎక్కువగా కుబర్నెటీస్‌వి. కంటైనర్లను, అంటే ప్యాక్ చేసిన అప్లికేషన్లను నడిపి చూసుకునే వ్యవస్థ అది; అందులో నడిచే ఒక్కో కాపీని పాడ్ అని, అది చేసే చెక్‌ను ప్రోబ్ అని అంటారు. అది వాడనివాళ్ల కోసం విడిగా ఒక ప్రశ్న ఉంది.

ఏ చెక్ గురించి చదువుతున్నా ఒక్క మాట అడుగుతూ ఉండండి: ఇది ఫెయిలైతే ఏం జరుగుతుంది? కంటైనర్‌ను చంపేస్తారా, ట్రాఫిక్ ఆపేస్తారా, లేక మనిషిని నిద్ర లేపుతారా? ఈ మూడు పనులకూ ఒకే చెక్‌ను కట్టేయడం దగ్గరే సగం తిప్పలు మొదలవుతాయి.

## సైటు తెరుచుకుంటూనే ఉంది. ఇంక హెల్త్ చెక్ దేనికి?

హోమ్ పేజీ చాలాసార్లు సీడీఎన్ (పేజీల కాపీలను వినియోగదారుడికి దగ్గర్లో దాచే సర్వర్లు) క్యాష్ నుంచే వస్తుంది. వెనక సర్వీసులన్నీ పడిపోయినా అది నిక్షేపంగా కనిపిస్తుంది, లాగిన్ నొక్కితే తప్ప సంగతి బయటపడదు.

పోర్టు తెరిచి ఉందా అని మాత్రమే చూసే టీసీపీ చెక్ కూడా పెద్ద మెరుగేమీ కాదు. కొత్త కనెక్షన్‌ను ముందుగా అందుకునేది ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్. మీ ప్రాసెస్ పూర్తిగా బిగుసుకుపోయినా, లిజన్ క్యూ (కెర్నల్ దగ్గర ఆగే కనెక్షన్ల వరస) నిండేదాకా చెక్ పచ్చగానే ఉంటుంది. అందుకని మీ కోడ్ నడిచి, ఆ కోడే జవాబిచ్చే హెచ్‌టీటీపీ చెక్ కనీసం ఒకటి ఉండాలి. దానితోపాటు బయటి నుంచి ఒక నకిలీ వినియోగదారుడితో లాగిన్, వెతకడం, కార్టులో వేయడం లాంటి అసలు పనిని ఒకటి నుంచి ఐదు నిమిషాలకోసారి చేయించి చూడాలి.

## హెల్త్ ఎండ్‌పాయింట్లు ఎన్ని ఉండాలి? వాటిలో ఏం రాయాలి?

ఎండ్‌పాయింట్ అంటే చెక్ వచ్చి తట్టే యూఆర్‌ఎల్. రెండు తప్పనిసరి. మూడోది ఉంటే మంచిది.

మొదటిది లైవ్‌నెస్. "ఈ ప్రాసెస్‌ను రీస్టార్ట్ చేస్తే బాగుపడుతుందా?" అన్న ఒక్క ప్రశ్నకే ఇది జవాబివ్వాలి. డెడ్‌లాక్ (పనులు ఒకదాని కోసం ఒకటి ఆగిపోవడం), ఆగిపోయిన ఈవెంట్ లూప్ (పనులను ఒక్కొక్కటిగా తీసే చక్రం) లాంటివి రీస్టార్ట్‌తో తీరతాయి. ఇందులో డిస్కు, నెట్‌వర్క్, డేటాబేస్ ఏదీ తాకకుండా వెంటనే 200 (హెచ్‌టీటీపీలో సరే అనే కోడ్) ఇచ్చేయండి.

రెండోది రెడీనెస్: "ఈ కాపీకి ఇప్పుడు ట్రాఫిక్ పంపొచ్చా?" కాన్ఫిగరేషన్ చదవడం అయిందా, కనెక్షన్ పూల్ (ముందే తెరిచి ఉంచుకునే డేటాబేస్ కనెక్షన్ల గుంపు) తయారైందా, మొదట నింపుకోవాల్సిన క్యాష్ నిండిందా, షట్‌డౌన్ మొదలైందా అన్నవి ఇక్కడ చూడాలి.

మూడోది మనుషుల కోసం, డాష్‌బోర్డు కోసం. డేటాబేస్, రెడిస్, పేమెంట్ గేట్‌వే స్థితులు, నడుస్తున్న వెర్షన్, ఎంతసేపటి నుంచి నడుస్తోంది అన్నవన్నీ ఇక్కడ చూపించండి. దీన్ని ఏ ఆటోమేటిక్ చర్యకూ కట్టకండి. చెక్ వచ్చినప్పుడల్లా డేటాబేస్‌ను కదిలించకుండా, వెనక ఒక చిన్న జాబ్ ఐదు పది సెకన్లకోసారి పరీక్షించి ఫలితాన్ని దాచిపెడితే, ఎండ్‌పాయింట్ దాన్నే ఇచ్చేస్తే చాలు.

లైవ్‌నెస్‌ను ఏ పోర్టులో పెట్టాలన్నది కాస్త ఇబ్బంది పెట్టే విషయం. జావా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌కు డిఫాల్ట్‌గా 200 థ్రెడ్లు (ఒకేసారి పనిచేసే చేతులు). అవన్నీ ఏదో నెమ్మది క్వెరీ కోసం ఎదురుచూస్తుంటే లైవ్‌నెస్‌కు జవాబిచ్చే థ్రెడ్ కూడా దొరకదు. అంటే లోడ్ పెరిగిన క్షణంలోనే మీ పాడ్‌లు చచ్చిపోతాయి. వేరే పోర్టులో పెడితే ఈ బాధ పోతుంది కానీ, అసలు పోర్టు బిగుసుకుపోయినా చెక్ పచ్చగా కనిపించే ప్రమాదం వస్తుంది. మా సలహా: అసలు పోర్టులోనే పెట్టండి, ఓపిక మాత్రం ఎక్కువివ్వండి. 60 నుంచి 90 సెకన్లు వరసగా జవాబు రాకపోతేనే చంపేలా.

## లైవ్‌నెస్‌లో డేటాబేస్ కనెక్షన్‌ను చెక్ చేయొచ్చా?

వద్దు. ఈ పేజీలో అన్నిటికన్నా ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇది, ఎక్కువ నష్టం చేసే తప్పూ ఇదే.

డేటాబేస్ ఒక నిమిషం మొరాయించిందనుకోండి. కుబర్నెటీస్ డిఫాల్ట్‌గా పది సెకన్లకోసారి చెక్ చేస్తుంది, వరసగా మూడు ఫెయిలైతే కంటైనర్‌ను చంపుతుంది. అంటే అర నిమిషంలో మీ 20 పాడ్‌లూ దాదాపు ఒకేసారి రీస్టార్ట్ అవుతాయి. ఇంటికి కరెంటు రాకపోతే బల్బులన్నీ మార్చినట్టు. ఇరవై ప్రాసెస్‌లు ఒక్కసారిగా లేచి, ఖాళీ క్యాష్‌లతో, అప్పుడే కోలుకుంటున్న డేటాబేస్ మీద పడతాయి. అది మళ్లీ కుదేలవుతుంది, చెక్ మళ్లీ ఫెయిలవుతుంది. మళ్లీ మళ్లీ పడిపోయే కంటైనర్‌ను తిరిగి లేపడానికి కుబర్నెటీస్ 10, 20, 40 సెకన్లు అంటూ వ్యవధిని రెట్టింపు చేసుకుంటూ ఐదు నిమిషాల దాకా పోతుంది. చివరికి డేటాబేస్ బాగుపడ్డాక కూడా మీ పాడ్‌లు ఆ ఐదు నిమిషాల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. ఒక నిమిషం ఇబ్బంది ఇలా పావుగంట అంతరాయంగా మారుతుంది.

జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అందులోని పర్యవేక్షణ భాగం యాక్చుయేటర్ ఇచ్చే మామూలు హెల్త్ ఎండ్‌పాయింట్ డేటాబేస్, రెడిస్, డిస్కు, మెయిల్ సర్వర్ వంటివి ప్రాజెక్టులో ఉంటే అన్నిటినీ కలిపి ఒకే ఫలితం చెబుతుంది. దాన్ని తీసుకెళ్లి లైవ్‌నెస్‌కు తగిలిస్తే, మెయిల్ సర్వర్ పడిపోయినందుకు మీ ఆర్డర్ల సర్వీసు చస్తుంది. 2.3 వెర్షన్ నుంచి లైవ్‌నెస్, రెడీనెస్ అని విడి గ్రూపులు ఉన్నాయి. వాటినే వాడండి.

## పోనీ, రెడీనెస్‌లో డేటాబేస్‌ను చూడొచ్చా?

లైవ్‌నెస్ అంత ప్రమాదం కాదు, అయినా ఆలోచించాలి. ఆ డేటాబేస్ అన్ని పాడ్‌లకూ ఉమ్మడిది. అది పోతే అన్ని పాడ్‌లూ కలిసే "సిద్ధంగా లేం" అంటాయి. అప్పుడు సర్వీసు వెనక ఒక్క పాడ్ కూడా మిగలదు, వినియోగదారుడికి ఇంగ్రెస్ (బయటి ట్రాఫిక్ లోపలికి వచ్చే ద్వారం) నుంచి మొండి 503 (సర్వీసు అందుబాటులో లేదు) వస్తుంది. అదే పాడ్‌లు ట్రాఫిక్‌లో ఉంటే, క్యాష్‌లో ఉన్న పేజీలైనా చూపించేవి, "కొద్దిసేపు ఆగి ప్రయత్నించండి" అని మర్యాదగా చెప్పేవి.

డేటాబేస్ లేకుండా ఒక్క రిక్వెస్ట్‌కు కూడా జవాబివ్వలేని సర్వీసైతే రెడీనెస్‌లో చూసినా పెద్ద తేడా లేదు. మిగతా సర్వీసులన్నిటికీ మా నియమం ఒకటే: ఒక కాపీకి మాత్రమే వచ్చే జబ్బును రెడీనెస్ పట్టుకోవాలి, అందరికీ కలిసి వచ్చే జబ్బును అలర్ట్ పట్టుకోవాలి. వేరే సర్వీసు రెడీనెస్‌ను మీ రెడీనెస్‌లో పిలవడం మాత్రం ఎప్పుడూ వద్దు. గొలుసులో చివర ఒకటి దగ్గితే మొదటిదాకా అన్నీ పడుకుంటాయి.

అందరూ కలిసి "మేం బాగాలేం" అనుకుంటే ఎంత దూరం పోతుందో 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ చూపించింది. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్‌తో వాళ్ల డేటా సెంటర్లను కలిపే బ్యాక్‌బోన్ నెట్‌వర్క్ తెగిపోయింది. డేటా సెంటర్లను చేరలేకపోతే తమ బీజీపీ ప్రకటనలను (తమ దగ్గరికి దారి ఏదో మిగతా నెట్‌వర్క్‌లకు చెప్పేవి) వెనక్కి తీసుకోవాలని డీఎన్ఎస్ సర్వర్లకు (సైటు పేరుకు చిరునామా చెప్పేవి) నియమం ఉంది. ఒక చోటి సర్వర్ చెడితే అది చక్కటి నియమమే. ఆ రోజు అన్నీ ఒకేసారి వెనక్కి తీసుకున్నాయి. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఇంటర్నెట్ నుంచే మాయమై దాదాపు ఆరు గంటలు తిరిగి రాలేదు.

అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ దీనికి ఒక రక్షణ పెట్టుకుంది: టార్గెట్లన్నీ (వెనక ఉన్న సర్వర్లు) చెడ్డవని తేలితే, చెక్‌ను పక్కన పెట్టి అన్నిటికీ ట్రాఫిక్ పంపుతుంది. కుబర్నెటీస్ సర్వీసు అలా చేయదు. సొంతంగా ఏదైనా రాసుకుంటుంటే, ఒకేసారి సగానికి మించి కాపీలను తీసేయకూడదనే పరిమితి పెట్టుకోండి.

## వ్యవధి, టైమౌట్, ఎన్నిసార్లు ఫెయిలవ్వాలి: ఎంతెంత పెట్టాలి?

ముందు మీ పరికరం డిఫాల్ట్ ఏమిటో తెలుసుకోండి. చాలామంది దాన్ని చూడకుండానే నడిపిస్తుంటారు.

- కుబర్నెటీస్ ప్రోబ్: 10 సెకన్లకోసారి, టైమౌట్ 1 సెకను, 3 ఫెయిళ్లు.
- ఏడబ్ల్యూఎస్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్: 30 సెకన్లకోసారి, టైమౌట్ 5 సెకన్లు, 2 ఫెయిలైతే బయటికి, 5 పాసైతే లోపలికి.
- హెచ్‌ఏప్రాక్సీ (మరో లోడ్ బ్యాలెన్సర్): 2 సెకన్లకోసారి, 3 ఫెయిళ్లు, 2 పాస్‌లు.
- డాకర్ (కంటైనర్లను నడిపే పరికరం) హెల్త్‌చెక్: 30 సెకన్లకోసారి, టైమౌట్ 30 సెకన్లు, 3 ప్రయత్నాలు.

వీటిలో ఎక్కువగా కాటేసేది కుబర్నెటీస్ ఒక్క సెకను టైమౌట్. జావాలో పెద్ద గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని ఏరివేసే పని) ఆగుడు, సీపీయూ పరిమితి వల్ల వచ్చే త్రాట్లింగ్ (వేగానికి కళ్లెం) రెండూ సెకను సులువుగా దాటిస్తాయి. లైవ్‌నెస్‌కు టైమౌట్ 3 నుంచి 5 సెకన్లు, ఫెయిళ్లు 6 పెట్టండి. రెడీనెస్‌ను చురుగ్గా ఉంచొచ్చు: 5 సెకన్లకోసారి, టైమౌట్ 2, ఫెయిళ్లు 2 లేదా 3. రెడీనెస్ పొరపాటు పడితే వెంటనే సరిదిద్దుకోవచ్చు, లైవ్‌నెస్ పొరపాటు పడితే చేతిలో ఉన్న రిక్వెస్టులన్నీ పోతాయి.

లేవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకునే అప్లికేషన్‌కు మొదటి ఆలస్యాన్ని 180 సెకన్లు పెట్టి వదిలేయకండి. స్టార్టప్ ప్రోబ్ ఉన్నదే అందుకు. 10 సెకన్లకోసారి, 30 ఫెయిళ్లు అని పెడితే లేవడానికి 300 సెకన్ల దాకా గడువు దొరుకుతుంది. త్వరగా లేస్తే వెంటనే మిగతా ప్రోబ్‌లు మొదలవుతాయి.

చెక్ ఒకసారి పచ్చ, ఒకసారి ఎరుపు అంటూ ఊగిసలాడటాన్ని చిన్నచూపు చూడకండి. 2025 అక్టోబరు 20న ఏడబ్ల్యూఎస్ ఉత్తర వర్జీనియా అంతరాయంలో నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్లకు ఇదే జరిగింది. కొత్తగా లేచిన సర్వర్లకు నెట్‌వర్క్ సమాచారం పూర్తిగా చేరకముందే చెక్‌లు మొదలై, బాగున్నవాటిని తీయడం, మళ్లీ చేర్చడం సాగింది. ఆ ఆటోమేటిక్ తొలగింపును ఇంజినీర్లు చేత్తో ఆపేశాకే కుదుటపడింది. మీ దగ్గరా అలా ఆపే స్విచ్ ఒకటి ఉండాలి, అది ఎక్కడుందో ఆన్‌కాల్‌లో (అలర్ట్ వస్తే స్పందించాల్సిన వంతులో) ఉన్నవాళ్లకు తెలిసి ఉండాలి.

## డిప్లాయ్ చేసినప్పుడల్లా కొన్ని 502లు వస్తున్నాయి. హెల్త్ చెక్‌లు సరిగ్గానే ఉన్నాయే?

502 అంటే వెనక సర్వర్ నుంచి లోడ్ బ్యాలెన్సర్‌కు సరైన జవాబు రాలేదని. డిప్లాయ్‌లో, అంటే కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు పాత పాడ్‌లను తీసేస్తారు. పాడ్‌ను తీసేటప్పుడు రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకవైపు కంటైనర్‌కు సిగ్‌టర్మ్ (ఇక ఆగమనే సంకేతం) వెళ్తుంది, మరోవైపు ఆ పాడ్ చిరునామాను జాబితా నుంచి తీసేయమన్న సమాచారం అన్ని నోడ్‌లకూ (పాడ్‌లు నడిచే మెషీన్లు) వెళ్తుంది. మీ ప్రాసెస్ సిగ్‌టర్మ్ అందగానే మూసుకుంటే, ఆ సమాచారం ఇంకా చేరని చోట్ల నుంచి వచ్చే రిక్వెస్టులు మూసిన తలుపుకు తగులుతాయి.

ప్రీస్టాప్ హుక్‌లో (ఆపే ముందు నడిచే చిన్న పని) 5 నుంచి 10 సెకన్లు ఊరికే ఆగమనండి. ఆ తర్వాత సిగ్‌టర్మ్ అందుకుని, కొత్తవి తీసుకోకుండా, చేతిలో ఉన్నవి పూర్తిచేసి మూసుకోవాలి. మొత్తం గడువు డిఫాల్ట్‌గా 30 సెకన్లు, ప్రీస్టాప్ సమయం కూడా అందులోంచే పోతుంది. అది దాటితే సిగ్‌కిల్, అంటే బలవంతంగా చంపేయడమే. మీ షెల్ స్క్రిప్ట్ అప్లికేషన్‌ను చైల్డ్ ప్రాసెస్‌గా నడుపుతుంటే సిగ్‌టర్మ్ అసలు అప్లికేషన్‌కు చేరనే చేరదు. స్క్రిప్ట్‌లో అప్లికేషన్‌ను ఎక్సెక్‌తో (షెల్ స్థానంలో అప్లికేషన్‌నే కూర్చోబెట్టే కమాండ్) మొదలుపెట్టండి.

డిప్లాయ్ లేనప్పుడు కూడా అడపాదడపా 502లు వస్తుంటే కీప్‌అలైవ్ (పని అయ్యాక కూడా కనెక్షన్‌ను తెరిచి ఉంచే గడువు) చూడండి. ఏడబ్ల్యూఎస్ లోడ్ బ్యాలెన్సర్ ఖాళీ కనెక్షన్‌ను 60 సెకన్లు ఉంచుకుంటుంది. చాలా నోడ్ జేఎస్ వెర్షన్లలో సర్వర్ 5 సెకన్లకే మూసేస్తుంది. సర్వర్ మూసే క్షణంలోనే బ్యాలెన్సర్ అదే కనెక్షన్‌లో రిక్వెస్ట్ పంపితే 502. సర్వర్ వైపు గడువును 65 సెకన్లకు పెంచితే చాలు.

## మాకు కుబర్నెటీస్ లేదు, రెండు వర్చువల్ మెషీన్లే. మేమేం చేయాలి?

చాలామందికి అదే సరిపోతుంది, చిన్నతనమేమీ కాదు.

ప్రాసెస్‌ను సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపే వ్యవస్థ) కింద నడపండి, ఫెయిలైతే రీస్టార్ట్ చేయమని రాయండి. ఇక్కడ ఒక గుంట ఉంది. రెండు రీస్టార్ట్‌ల మధ్య డిఫాల్ట్ విరామం 100 మిల్లీసెకన్లు. పది సెకన్లలో ఐదుసార్లు లేపి చూశాక ఇంకా పడిపోతుంటే సిస్టమ్‌డీ చేతులెత్తేస్తుంది. మెషీన్ రీబూట్ అయ్యాక పోస్ట్‌గ్రెస్ లేవడం మూడు సెకన్లు ఆలస్యమైతే చాలు, మీ సర్వీసు ఆ ఐదు ప్రయత్నాలూ సెకనులోపే వాడేసుకుని శాశ్వతంగా పడుకుంటుంది. విరామాన్ని 5 సెకన్లు చేయండి. బిగుసుకుపోయే జబ్బుకు సిస్టమ్‌డీ వాచ్‌డాగ్ ఉంది: అప్లికేషన్ గడువులోపు "ఉన్నాను" అని చెప్పకపోతే అదే చంపి లేపుతుంది.

డాకర్ విడిగా నడిపేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: హెల్త్‌చెక్ ఫెయిలైతే డాకర్ ఆ కంటైనర్‌కు "అన్‌హెల్తీ" అని పేరు పెట్టి ఊరుకుంటుంది, రీస్టార్ట్ చేయదు. రీస్టార్ట్ పాలసీ ప్రాసెస్ చచ్చినప్పుడే పని చేస్తుంది. స్వార్మ్‌లో (చాలా మెషీన్లను కలిపి నడిపే డాకర్ సొంత వ్యవస్థ) అయితే కంటైనర్‌ను మారుస్తుంది.

ఉచిత ఇంజిన్‌ఎక్స్‌లో ముందుగా వెళ్లి పరీక్షించే చెక్ లేదు. అసలు రిక్వెస్ట్ ఫెయిలైతేనే దానికి తెలుస్తుంది. డిఫాల్ట్‌గా ఒక్క ఫెయిల్‌కే ఆ సర్వర్‌ను 10 సెకన్లు పక్కన పెడుతుంది. రెండే మెషీన్లు ఉన్నప్పుడు ఇది మరీ తొందరపాటు, 3 ఫెయిళ్లకు పెంచండి. జవాబు కోసం ఆగే గడువు డిఫాల్ట్ 60 సెకన్లు, చాలా సర్వీసులకు 10 నుంచి 15 చాలు.

## ఏ కొలతలు చూడాలి? డాష్‌బోర్డు నిండా గ్రాఫ్‌లు ఉన్నా ఏమీ తెలియడం లేదు.

ఒక్కో సర్వీసుకు నాలుగే: ఎన్ని రిక్వెస్టులు వస్తున్నాయి, ఎన్ని తప్పుతున్నాయి, జవాబుకు ఎంతసేపు పడుతోంది, వనరులు ఎంత నిండాయి. గూగుల్ ఎస్ఆర్ఈ (సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్) బృందాలు ప్రచారంలోకి తెచ్చిన ఈ నాలుగూ మొదటి తెరలో ఉండాలి. మిగతావన్నీ లోపలి తెరల్లోకి పంపండి.

జవాబు సమయానికి సగటు చూడకండి. వంద రిక్వెస్టుల్లో 95 యాభై మిల్లీసెకన్లలో, 5 నాలుగు సెకన్లలో వచ్చాయనుకుంటే సగటు 247.5 మిల్లీసెకన్లు. గ్రాఫ్‌లో ముచ్చటగా ఉంటుంది, కానీ ప్రతి ఇరవై మందిలో ఒకరు నాలుగు సెకన్లు తిట్టుకుంటూ కూర్చున్నారు. పీ50, పీ95, పీ99 అనే పర్సెంటైల్‌లు చూడండి (పీ95 అంటే 95% రిక్వెస్టులు ఆ సమయంలోపే ముగిశాయని). ఒక్కో పాడ్ పీ99 తీసుకుని వాటికి సగటు కట్టడం కూడా తప్పే. ప్రొమీథియస్‌లో (కొలతలు సేకరించి దాచే పరికరం) హిస్టోగ్రామ్ బకెట్లను (ఎంత సమయంలోపు ఎన్ని రిక్వెస్టులు ముగిశాయో లెక్కపెట్టే డబ్బాలు) ముందు కలిపి, తర్వాత పర్సెంటైల్ లెక్కించాలి. మరో చిక్కు: చాలా లైబ్రరీల్లో చివరి బకెట్ 10 సెకన్లు. మీ రిక్వెస్టులు 40 సెకన్లు తీసుకుంటున్నా గ్రాఫ్ 10 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. గీత అలా పలకగా కనిపిస్తే అనుమానించండి.

వనరుల్లో సీపీయూ, మెమరీ అందరూ చూస్తారు. అసలు ముందు నిండేవి వేరే: కనెక్షన్ పూల్, థ్రెడ్లు, ఫైల్ డిస్క్రిప్టర్లు (తెరిచి ఉన్న ఫైళ్లు, కనెక్షన్ల గుర్తులు). జావాలో వాడే హికారీ కనెక్షన్ పూల్ డిఫాల్ట్‌గా 10 కనెక్షన్లు, పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా మొత్తం 100. మీ 20 పాడ్‌లు పది చొప్పున అడిగితే 200. పోస్ట్‌గ్రెస్ పరిమితిని 200 పైకి కాస్త పెంచుకున్నా, రోలింగ్ అప్‌డేట్‌లో (పాడ్‌లను కొన్ని కొన్నిగా మార్చే డిప్లాయ్) పాడ్‌లు పాతిక శాతం పెరిగితే 250. మామూలు రోజు నడిచి, డిప్లాయ్ రోజు "కనెక్షన్లు మించిపోయాయి" అని వచ్చే లోపానికి మూలం చాలాసార్లు ఈ గుణకారమే. పూల్‌లో కనెక్షన్ కోసం ఎదురుచూస్తున్న థ్రెడ్ల సంఖ్యను గ్రాఫ్ చేయండి. సీపీయూ నవ్వుతూ ఉన్నప్పుడే అది ఏడుస్తూ ఉంటుంది.

పాడ్‌ల రీస్టార్ట్ సంఖ్యనూ చూడండి. 137 కోడ్‌తో ఆగిన కంటైనర్ సిగ్‌కిల్‌తో పోయింది, చాలాసార్లు మెమరీ పరిమితి దాటి. రోజుకు ఆరుసార్లు అలా పడి లేస్తుంటే సైటు నడుస్తూనే ఉంటుంది, మెమరీ లీక్ మాత్రం నెలల తరబడి ఎవరికీ కనిపించదు.

## ప్రొమీథియస్‌లో "అప్" విలువ 1 ఉంది. చాలదా?

దాని అర్థం మెట్రిక్స్ (కొలతల) పేజీ చదవగలిగాం అని మాత్రమే. సర్వీసు అందరికీ 500లు (సర్వర్‌లో లోపం) ఇస్తున్నా అది 1గానే ఉండగలదు. ఇంకోటి: టార్గెట్ జాబితా నుంచే సర్వీసు మాయమైతే విలువ 0 కాదు, అసలు ఉండదు. లేనిదాన్ని సున్నాతో పోల్చే అలర్ట్ ఎప్పటికీ మోగదు. ముఖ్యమైన ప్రతి సర్వీసుకూ "ఈ కొలత కనిపించడం లేదు" అనే అలర్ట్ విడిగా రాయండి. దానికోసం యాబ్సెంట్ ఫంక్షన్ ఉంది.

## రాత్రంతా అలర్ట్‌లు మోగుతున్నాయి. ఎవరూ పట్టించుకోవడం మానేశారు.

సీపీయూ 80% దాటితే ఫోన్ మోగించే అలర్ట్‌ను ఈరోజే తీసేయండి. వినియోగదారుడికి నొప్పి తెలియనప్పుడు మనిషిని లేపడం దండగ.

లేపాల్సింది ఎప్పుడో లెక్కతో తేల్చుకోవచ్చు. 99.9% రిక్వెస్టులు సవ్యంగా సాగాలన్నది మీ లక్ష్యమైతే, 30 రోజుల్లో మీకు ఉన్న తప్పుల ఖాతా పూర్తి అంతరాయంగా లెక్కిస్తే 43.2 నిమిషాలు. 99.99% అయితే 4.32 నిమిషాలే. ఇద్దరు ముగ్గురి బృందం నాలుగు తొమ్మిదులు (99.99%) మాటిచ్చే ముందు, ఫోన్ మోగి ల్యాప్‌టాప్ తెరిచేసరికే ఆ నాలుగు నిమిషాలు అయిపోతాయని గమనించాలి.

ఈ ఖాతా ఎంత వేగంగా ఖర్చవుతోందో చూసి అలర్ట్ పెట్టండి. మామూలుకు, అంటే ఖాతా సరిగ్గా నెలకు సరిపోయే వేగానికి, 14.4 రెట్ల వేగంతో గంటసేపు ఖర్చయితే నెల ఖాతాలో 2% పోయినట్టు. 99.9% లక్ష్యానికి అది 1.44% తప్పుల రేటు. గత గంటలోనూ, గత 5 నిమిషాల్లోనూ అంతకు మించితే ఫోన్ మోగించండి. ఐదు నిమిషాల షరతు ఎందుకంటే, సమస్య తీరాక అలర్ట్ త్వరగా ఆగడానికి. 6 రెట్ల వేగం ఆరు గంటలు సాగితే 5% పోతుంది, దానికీ ఫోనే. అంతకంటే నెమ్మదిగా కారుతుంటే పొద్దున చూసే టికెట్ చాలు.

గంటకు పది రిక్వెస్టులు వచ్చే సర్వీసుకు ఈ లెక్క పనికిరాదు. ఒక్కటి తప్పినా 10% అవుతుంది. అక్కడ నిమిషానికోసారి నకిలీ రిక్వెస్ట్ పంపి, వరసగా మూడు తప్పితే లేపండి.

ఒక డేటాబేస్ పోతే నలభై అలర్ట్‌లు రాకుండా అలర్ట్‌మేనేజర్‌లో (ప్రొమీథియస్ అలర్ట్‌లను మనుషులకు చేర్చే భాగం) గ్రూపింగ్ పెట్టండి. ప్రతి అలర్ట్ సందేశంలో మూడు ఉండాలి: ఏ సర్వీసు, వినియోగదారుడికి ఏం కనిపిస్తోంది, మొదట చేయాల్సిన పని ఉన్న పేజీ లింకు. మొదట చేయాల్సిన పని ఏమీ లేదని తేలితే ఆ అలర్ట్ అక్కర్లేదు.

## క్రాన్ జాబ్‌లు, క్యూ వర్కర్లకు హెచ్‌టీటీపీ లేదు. వాటిని ఎలా చూడాలి?

క్రాన్ జాబ్ అంటే నిర్ణీత వేళకు తానే నడిచే పని, క్యూ వర్కర్ అంటే క్యూలోని పనులు తీసి చేసే ప్రాసెస్. జాబ్ నడవకపోతే తప్పు కూడా రాదు, అదే చిక్కు. అందుకని తిరగేయండి: జాబ్ విజయవంతంగా ముగిశాక ఒక చోటికి "అయింది" అని సంకేతం పంపాలి, నిర్ణీత సమయంలో సంకేతం రాకపోతే అక్కడి నుంచి అలర్ట్ రావాలి. గంటకోసారి నడిచేదానికి గడువు 70, 75 నిమిషాలు పెట్టండి.

వేళల దగ్గర పొరపడకండి. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే అర్ధరాత్రి అని రాసిన జాబ్ మన లెక్కలో ఉదయం 5:30కు నడుస్తుంది. మెయింటెనెన్స్ కోసం ఆరున్నర దాకా అలర్ట్‌లు ఆపేసినవాళ్లకు సరిగ్గా ఆ గంటే కనిపించదు. అమెరికాలో కొందరు, హైదరాబాద్‌లో కొందరు పనిచేసే బృందాల్లో గ్రాఫ్‌లన్నీ యూటీసీలోనే చూడటం మేలు.

బ్యాకప్ జాబ్‌లో పైప్ (ఒక కమాండ్ ఇచ్చేదాన్ని ఇంకో కమాండ్‌కు పంపడం) వాడుతున్నారా? పోస్ట్‌గ్రెస్ డంప్‌ను జీజిప్‌లోకి (ఫైలును కుదించే కమాండ్) పంపితే, డంప్ ఫెయిలైనా షెల్‌కు కనిపించేది జీజిప్ విజయం. చేతికి దక్కేది 20 బైట్ల ఖాళీ ఫైలు. స్క్రిప్ట్ మొదట్లో పైప్‌ఫెయిల్ ఆప్షన్ పెట్టండి. ఫైలు సైజు నిన్నటిదానిలో సగం కంటే తగ్గితే తప్పుగా లెక్కించండి. వీలైతే వారానికోసారి ఆ ఫైలును వేరే చోట రీస్టోర్ చేయించండి.

క్యూకు పొడవు కంటే వయసు ముఖ్యం. పదివేల సందేశాలున్నా నిమిషంలో తీరేవైతే ఫర్వాలేదు. మూడే సందేశాలు నలభై నిమిషాలుగా కదలకుండా ఉంటే ఓటీపీ రాని ముగ్గురు మనుషులున్నారని అర్థం. అన్నిటికంటే పాత సందేశం వయసు మీద అలర్ట్ పెట్టండి.

## సర్టిఫికెట్, డిస్కు లాంటివి?

హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలు సర్టిఫికెట్ 90 రోజులది, గడువు ముందు వాళ్లు పంపే హెచ్చరిక మెయిళ్లు 2025 జూన్‌లో ఆగిపోయాయి. సర్టిఫికెట్ల గరిష్ఠ ఆయుష్షు 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గబోతోంది, కాబట్టి చేత్తో మార్చే అలవాటు ఇక సాగదు. తనిఖీ మాత్రం బయటి నుంచి, అసలు పోర్టుకు కనెక్ట్ అయి చేయండి. డిస్కు మీది ఫైలు కొత్తదై, ఇంజిన్‌ఎక్స్‌ను రీలోడ్ చేయకపోవడంతో పాతదే నడుస్తూ ఉండటం మామూలు. 20 రోజులు మిగిలితే టికెట్, 7 మిగిలితే ఫోన్.

డిస్కుకు శాతం కాకుండా "ఈ వేగంతో నాలుగు గంటల్లో నిండుతుంది" అన్న లెక్క మేలు. స్థలం ఉన్నా "స్థలం లేదు" అంటే ఐనోడ్లు (ఒక్కో ఫైలుకు ఒకటి పట్టే నమోదులు) అయిపోయాయేమో చూడండి. లాగ్ ఫైలు తీసేసినా స్థలం రాకపోతే ఏదో ప్రాసెస్ దాన్ని ఇంకా తెరిచి పట్టుకుని ఉంది.

## మానిటరింగే పడిపోతే?

2017 ఫిబ్రవరి 28న ఏడబ్ల్యూఎస్ ఎస్3 (ఫైళ్లు దాచే సర్వీసు) పడిపోయినప్పుడు, ఆ సంగతి చెప్పాల్సిన వాళ్ల స్టేటస్ డాష్‌బోర్డును మార్చడం కూడా దాదాపు రెండు గంటలు కుదరలేదు, అదీ ఎస్3 మీదే ఆధారపడి ఉంది. మీ ప్రొమీథియస్ మీ క్లస్టర్‌లోనే (సర్వీసులు నడిచే మెషీన్ల గుంపు) ఉంటే మీదీ అదే కథ. ఎప్పుడూ మోగుతూ ఉండే ఒక ఉత్తుత్తి అలర్ట్ పెట్టి, దాన్ని బయట వేరే కంపెనీ దగ్గరున్న సర్వీసుకు పంపండి. అది ఆగితే వాళ్లు మీకు ఫోన్ చేయాలి. బయటి చెక్‌లను కనీసం మూడు ప్రాంతాల నుంచి నడపండి, రెండు ఒప్పుకుంటేనే అలర్ట్. మీ వినియోగదారులు మన రాష్ట్రాల్లో ఉంటే ఆ మూడింటిలో ఒకటి ముంబై లేదా హైదరాబాద్ కావాలి, అమెరికా నుంచి మాత్రమే చూస్తే ఇక్కడి నెట్‌వర్క్ ఇబ్బంది కనిపించదు.

ఎస్ఎంఎస్ అలర్ట్‌ల మీదే భారం వేయకండి. మన దేశంలో ఇలాంటి సందేశాల హెడర్, టెంప్లేట్ రెండూ డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల ఎస్ఎంఎస్ నమోదు వేదిక) నమోదై ఉండాలి. టెంప్లేట్‌కు సరిపోలని వాక్యం దారిలోనే ఆగిపోతుంది. సందేశంలో కొత్తగా ఒక పదం చేర్చిన రోజు నుంచి అలర్ట్‌లు రాకపోవచ్చు. ఫోన్ కాల్ మొదటి దారిగా పెట్టుకుని, ఎస్ఎంఎస్‌ను తోడుగా ఉంచండి.

## హెల్త్ ఎండ్‌పాయింట్ అందరికీ కనిపించొచ్చా? దానికి లాగిన్ పెట్టొచ్చా?

"200, సరే" అని మాత్రమే చెప్పేది కనిపించినా నష్టం లేదు. వివరాలిచ్చే మూడోదాన్ని లోపలి నెట్‌వర్క్‌కే పరిమితం చేయండి. స్ప్రింగ్ బూట్ 3.5కు ముందు వెర్షన్లలో యాక్చుయేటర్ ఎండ్‌పాయింట్లన్నీ ఒక్క నక్షత్రం గుర్తుతో తెరిచేసిన చోట హీప్ డంప్ (నడుస్తున్న ప్రోగ్రామ్ మెమరీ నకలు) డౌన్‌లోడ్ చేసుకుని అందులోంచి పాస్‌వర్డ్‌లు ఏరుకోవచ్చు.

లాగిన్ ఫిల్టర్ పొరపాటున ప్రోబ్ దారికి అడ్డొస్తే ఒక వింత జరుగుతుంది. అప్లికేషన్ 302తో లాగిన్ పేజీకి పంపిస్తుంది. కుబర్నెటీస్‌కు 200 నుంచి 399 దాకా అన్నీ పాసే. చెక్ కోడ్ ఒక్కసారి కూడా నడవకుండానే నెలల పాటు పచ్చగా ఉంటుంది. ఏడబ్ల్యూఎస్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌లో అయితే డిఫాల్ట్‌గా 200 మాత్రమే పాస్, కాబట్టి అక్కడ వెంటనే తెలుస్తుంది.

## చెక్‌ల లాగ్‌లు దాచాలా? మామూలు లాగ్‌లు ఎన్నాళ్లు?

20 పాడ్‌లు, రెండేసి ప్రోబ్‌లు, పది సెకన్లకోసారి అంటే రోజుకు 3,45,600 వరసలు. పాసైనవాటిని రాయకండి, ఫెయిలైనవి కారణంతో సహా రాయండి. మామూలు లాగ్‌లకు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం ఉంది: 180 రోజులు భద్రపరచాలి, నిర్దేశించిన సైబర్ ఘటనలను తెలిసిన 6 గంటల్లోపు నివేదించాలి. ప్రొమీథియస్ డిఫాల్ట్‌గా 15 రోజులే ఉంచుతుంది, అది కొలతలకు, లాగ్‌లకు కాదు. ఓటీపీ, ఆధార్ సంఖ్య, టోకెన్ వంటివి లాగ్‌లోకి రాకుండా రాసే చోటే కత్తిరించండి.

## మా చెక్‌లు నిజంగా పట్టుకుంటాయని ఎలా తెలుసుకోవాలి?

స్టేజింగ్‌లో (అసలు సైటుకు నకలుగా పరీక్షలకు పెట్టుకున్న చోట) పాడు చేసి చూడాలి. ప్రాసెస్‌ను చంపడం తేలిక పరీక్ష, దాన్ని అందరూ పాసవుతారు. కింది నాలుగు చేయండి.

1. ప్రాసెస్‌కు సిగ్‌స్టాప్ పంపండి. అది చావదు, కదలదు. టీసీపీ చెక్ పచ్చగానే ఉంటుంది, హెచ్‌టీటీపీ చెక్ టైమౌట్ అవ్వాలి. మీరు పెట్టిన గడువులోనే లైవ్‌నెస్ దాన్ని తీసిందా చూడండి.
2. డేటాబేస్‌ను ఆపకుండా, ఫైర్‌వాల్‌లో దాని పోర్టుకు వెళ్లే ప్యాకెట్లను డ్రాప్ చేయండి. ఆపితే వెంటనే "తిరస్కరించబడింది" అని వస్తుంది, డ్రాప్ చేస్తే కోడ్ ఎదురుచూస్తూ ఉండిపోతుంది. హికారీ డిఫాల్ట్‌గా కనెక్షన్ కోసం 30 సెకన్లు ఆగుతుంది. ఆ అర నిమిషంలో థ్రెడ్లు ఎన్ని ఇరుక్కున్నాయో లెక్కపెట్టండి. ఒక్క పాడ్ కూడా రీస్టార్ట్ కాకూడదు.
3. డిస్కును పనికిరాని ఒక పెద్ద ఫైలుతో నింపండి. అలర్ట్ వచ్చిందా, వచ్చిన అలర్ట్ డిస్కు పేరు చెప్పిందా, లేక "500లు పెరిగాయి" అని మాత్రమే అందా?
4. అలర్ట్‌మేనేజర్‌ను ఆపి, బయటి సర్వీసు నుంచి ఫోన్ ఎన్ని నిమిషాలకు వచ్చిందో చూడండి.

రెండో పరీక్షలో పాడ్‌లు రీస్టార్ట్ అయితే లైవ్‌నెస్‌లోకి డేటాబేస్ ఎక్కడో దూరినట్టే. మీరు రాయకపోయినా ఫ్రేమ్‌వర్క్ చేర్చి ఉండొచ్చు. ప్రోబ్ వెళ్తున్న దారిని బ్రౌజర్‌లో తెరిచి, వచ్చే జవాబులో ఏ పేర్లు ఉన్నాయో చదవండి.